రాళ్ల గదిలో చెట్టు జిగురు

గుడ్డ రాయికి అతుక్కుపోయింది.

రాయికి గుడ్డ అతుక్కోవడమేమిటని వదిన ముందు నవ్వుకుంది. మెల్లగా లాగింది. రాలేదు. కాస్త గట్టిగా లాగేసరికి సన్నటి పీలిక ఒకటి రాయి మీదే ఉండిపోయి, మిగతా గుడ్డ చేతిలోకి వచ్చింది. అప్పుడు ఆమె నవ్వు ఆగింది.

“మరిదీ, ఓసారి ఇటు రా” అంది, గొంతు పెంచకుండా.

వడ్రంగి పక్క బీరువా దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఊడదీసిన అద్దాన్ని మళ్లీ చట్రంలో నిలబెట్టి, దాని చుట్టూ చెక్క బద్దలు బిగిస్తున్నాడు. రెండు చేతులూ అద్దం మీద, మేకులు నోట్లో. మేకుల సందుల్లోంచే “ఊఁ” అన్నాడు. ఆమె మళ్లీ పిలవలేదు. పిలవకుండా ఊరుకుందంటే విషయం పెద్దదేనని అతనికి తెలుసు. అద్దాన్ని గోడకు ఆనించి లేచాడు.

మ్యూజియంలో అందరూ దాన్ని తేనెరాయి అంటారు. అరచేతిలో పట్టేటంత ముద్ద, ముదురు తేనె రంగు. దీపం వెలుగులో చూస్తే లోపల రెండు చీమలు, వాటి పక్కన రెక్కలు విప్పుకున్న పురుగు ఒకటి కనిపిస్తాయి. కింద ఇత్తడి పలక మీద ‘తృణమణి (అంబర్). నాలుగు కోట్ల సంవత్సరాల నాటి పైను వృక్ష స్రావం’ అని చెక్కి ఉంటుంది. ఆ కింద, దానికంటే పెద్ద అక్షరాల్లో, ఇచ్చినవారి పేరు. ఇచ్చినవారు చైర్మన్ గారి తండ్రి. గది పేరు కూడా ఆయన పేరే.

వడ్రంగి వేలితో ముట్టుకున్నాడు. వేలు తీసేసరికి ముద్ర పడింది. ముదరని పాకంలో వేలు పెట్టినట్టుంది.

“ఎవరైనా బెల్లం ముద్ద పెట్టి అసలుది ఎత్తుకుపోయారేమో” అంది వదిన. జోకు వేసింది గాని కళ్లు ఆ పీలిక మీదే ఉన్నాయి. “అన్నిటినీ తుడిచినట్టే తుడిచాను. స్ఫటికం తుడిచాను, ఇనపరాయి తుడిచాను, ఆ పచ్చరాయి తుడిచాను. దేనికీ ఏమీ కాలేదు. ఇదొక్కటే ఇలా చేసింది.”

ఆమె పక్కన స్పిరిట్ సీసా, రెండు గుడ్డలు ఉన్నాయి. నీలం గుడ్డ అద్దాలకు, తెల్లగుడ్డ రాళ్లకు. మామూలు రోజుల్లో తెల్లగుడ్డకు పని ఉండదు. బీరువాలకు తాళాలుంటాయి, ఆమె బయట అద్దం తుడిచి వెళ్లిపోతుంది. ఈసారి చైర్మన్ గారు ఎవరో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వస్తున్నారని తాళాలు తీయించారు, అద్దాలు ఊడదీయించారు. ముందురోజు క్యూరేటర్ గది మధ్యలో నిలబడి, చెయ్యి గుండ్రంగా తిప్పి, “రాళ్ల గదిలో ఒక్క ముక్క కూడా మసగ్గా కనపడకూడదు. అన్నిటికీ స్పిరిట్ పెట్టి తుడువు, ఒక్కటీ వదలొద్దు” అని చెప్పాడు. అప్పుడు వడ్రంగి అదే గదిలో నిచ్చెన మీదున్నాడు. ప్రతి మాటా విన్నాడు. ‘ఒక్కటీ వదలొద్దు’ అన్నప్పుడు క్యూరేటర్ వేలు తేనెరాయి వైపే ఉండటం కూడా చూశాడు.

సెంటు వాసన ముందు వచ్చింది, తరవాత క్యూరేటర్ వచ్చాడు. ఆయన్ని వెనకాల అందరూ సెంటుసారు అనేది అందుకే. ముద్దను చూశాడు, పీలికను చూశాడు, వెనక్కి తిరిగి తలుపు దగ్గర ఎవరైనా ఉన్నారా అని చూశాడు. వదినను మాత్రం చూడలేదు.

“దీనికి స్పిరిట్ పెట్టమని ఎవరు చెప్పారు?”

“మీరేనండి.”

“నేను రాళ్లకి చెప్పాను.”

“ఇది రాళ్ల గదిలోనే ఉందండి.”

“రాళ్ల గదిలో ఉంటే రాయైపోతుందా? అది చెట్టు నుంచి వచ్చింది. కింద రాసి ఉంది కదా, చదువుకోవచ్చు కదా?”

“చెట్టు నుంచి వచ్చినదాన్ని తెచ్చి రాళ్ల మధ్య పెట్టింది నేను కాదండి” అంది వదిన. ఎదురు చెప్పినట్టు కాదు, చీపురు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా అంది.

క్యూరేటర్ ముఖం ఎర్రబడింది. “కోట్ల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్నది నీ చేతిలో ఒక్క పూటకి నాశనమైంది. చైర్మన్ గారితో మాట్లాడి చెప్తాను. అప్పటిదాకా పనిలోకి రావొద్దు.”

వడ్రంగి ఒక అడుగు ముందుకు వేశాడు. నువ్వు చెప్పావు, నేను విన్నాను, అక్కడ ఆ నిచ్చెన మీద నిలబడి విన్నాను, అందామనుకున్నాడు. నోట్లో మేకులున్నాయి. ఒక్కొక్కటే అరచేతిలోకి ఊసేసరికి సెంటు వాసన మాత్రమే మిగిలింది.

*

“ఆ తెల్లచొక్కాకి లోపల మనిషి లేడు, వట్టి హ్యాంగరు” అన్నాడు ఇంటికొచ్చాక. “చెప్పినవాడు వాడు. వేలు పెట్టి చూపించినవాడు వాడు. ఇప్పుడు చదువుకోవచ్చు కదా అంటాడు. ఇన్నేళ్లూ చదువుకున్నవాడివి నువ్వే కదరా, చెట్టు జిగురుకి స్పిరిట్ పెట్టకూడదని నీకు తెలియొద్దూ?”

అతను నిలబడే మాట్లాడుతున్నాడు. కోపమొస్తే అతను కూర్చోడు. ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడుస్తాడు, మధ్యలో స్టూలు అడ్డమొస్తే కాలితో జరుపుతాడు. భార్య బట్టలు మడతపెడుతూ ఆ స్టూలును రెండుసార్లు మళ్లీ తన దగ్గరికి లాక్కుంది.

“ఇవన్నీ ఆయన ముందు అన్నావా?”

“నోట్లో మేకులున్నాయి.”

“ఓహో” అంది భార్య. ఆ ఒక్క ముక్కలో ఆమె అనవలసినదంతా ఉంది.

వదిన గుమ్మం పక్కన గోడకానుకుని కూర్చుంది. రెండు వీధుల అవతల ఆమె గది. పనినుంచి నేరుగా ఇక్కడికే వచ్చింది. వేళ్లకు ఇంకా జిగట పోలేదు. బొటనవేలు, చూపుడువేలు కలిపి విడదీస్తోంది, మళ్లీ కలుపుతోంది.

“అక్కా, కొబ్బరినూనె రాస్తే పోతుందేమో” అంది భార్య.

“పోతుందిలే. మరిదీ, ఆ నడక ఆపు, నాకు కళ్లు తిరుగుతున్నాయి.”

అతను ఆగాడు గాని కూర్చోలేదు.

“నేను చెప్పేది విను” అంది వదిన. “పని పోతే పోనీ, ఇంకో చోట దొరుకుతుంది. కానీ కోట్లేళ్ల వస్తువు నాశనం చేసిన మనిషి అని పేరు పెట్టి గెంటేస్తే ఏ ఆఫీసులోనైనా నా చేతికి గుడ్డ ఇస్తారా? ఎవరి బల్ల మీద గ్లాసు పగిలినా నా వైపే చూస్తారు. చెప్పింది తనేనని ఆయన ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకోడు. అయితే విన్నవాడు చెప్పాలి.”

“చెప్పడమా? వాడి సెంటంతా వదిలిస్తాను చూడు.”

“సెంటు వదిలించక్కర్లేదు. విన్నానని చెప్పు. అంతే నాకు కావాల్సింది.”

“చెప్తాను వదినా. నీ మీద ఒట్టు.”

“నా మీదెందుకు వేస్తావు, నీ మీద వేసుకో” అని నవ్వింది వదిన. భార్య కూడా నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

*

మరునాడు పొద్దున్నే మ్యూజియం ల్యాబులో అలమర తలుపు సరిచేసే పని కల్పించుకుని వెళ్లాడు. జేబులో ఒక దూది ఉండ. తేనెరాయి జిగటలో దాన్ని అద్ది తెచ్చాడు. బీరువాకి మళ్లీ అద్దం బిగించేది తనే కదా, ఎవరూ చూడలేదు.

ల్యాబు మేడం పెద్దగా ఏమీ అడగలేదు. దూదిలోని జిగట కొంచెం గాజు పలక మీదికి తీసింది. సూది వేడిచేసి ఆనించింది. సన్నటి పొగ లేచింది. గుగ్గిలం వేసినట్టు ఘాటుగా, తియ్యగా వాసన. మిగిలినదాన్ని యంత్రంలో పెట్టి తెర వైపు చూస్తూ కూర్చుంది. తెర మీద ఒక గీత కొండలూ లోయలుగా పాకింది.

“దేనికోసం చూస్తున్నారండి?”

“భుజం కోసం” అంది ఆమె. వేలు పెట్టి చూపించింది. “ఆ ఇత్తడి పలక మీద రాసిన రకమే అయితే, అందులో సక్సినిక్ ఆమ్లం ఉంటుంది. అప్పుడు గీత ఇక్కడ భుజంలా చదునుగా సాగి, దిగుతుంది. దీనికి భుజం లేదు. పైగా ఇక్కడ ముల్లులా లేచింది చూశావా, అది ఉండకూడదు.”

“అంటే?”

ఆమె తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. “చెట్టుకి గాయమైతే జిగురు కారుతుంది. అందులో ఆవిరైపోయే నూనెలుంటాయి, మీ టర్పెంటైన్ లాంటివి. అవి మెల్లగా పోతాయి. మిగిలిన అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటూ వెళతాయి. మట్టి కింద, లక్షల ఏళ్లు, కోట్ల ఏళ్లు. అన్ని చేతులూ పట్టేసుకున్నాక అది తృణమణి అవుతుంది. అప్పుడు ఒక్క తుడుపుకి స్పిరిట్ దాన్నేమీ చేయలేదు. అసలైనదానికీ స్పిరిట్ మంచిది కాదు, ఎవరూ పెట్టకూడదు, అది వేరే సంగతి. కానీ గుడ్డ అతుక్కునేలా కరగదు. దీంట్లో చేతులు సగం ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఆ ముల్లు అదే.”

“అయితే ఇది కొత్తది.”

“మన లెక్కలో పాతదే. వందల ఏళ్లో, కొన్ని వేలో ఉండొచ్చు. కోట్లు మాత్రం కాదు. పైను చెట్టుదీ కాదనిపిస్తోంది. వేడిదేశాల్లో కాయలు కాసే ఒక పెద్ద చెట్టుంది, చింతచెట్టుకి దూరపు చుట్టం. దాని జిగురు ఇలాగే ఉంటుంది. కోపల్ అంటారు, వార్నిషుల్లో వాడేవారు. అంబర్ అని అమ్మడం కొత్తేమీ కాదు.”

“చీమలు?”

“చీమలు నిజమైనవే. వాటికి మోసం తెలియదు.”

వడ్రంగి స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అతని బుర్రలో ఏదో టక్కున చట్రంలో కూర్చుంది. అది అసలైనదైతే స్పిరిట్‌కి కరగదు, కాబట్టి వదిన పాడుచేయలేదు. కరిగిందంటే అసలైనది కాదు, కాబట్టి పాడవడానికి అక్కడ కోట్ల ఏళ్లదేదీ లేదు. ఎటు తిప్పి చూసినా వదిన తప్పు లేదు. ఇంత తేలిక లెక్క. చిన్నప్పుడు బడి మానేసినవాడికి కూడా అర్థమయ్యే లెక్క.

“మేడం, ఇది మీరు సారుతో చెప్పండి.”

“చెప్పాను. నిన్న చూడగానే చెప్పాను. ఆయన విన్నారు. విని, తలుపు వేసి వెళ్లమన్నారు.”

“అయితే రాసివ్వండి.”

“అడిగితే రాసిస్తాను. ఆ ముద్దని పరీక్షించమని నాకెవరూ పంపలేదు. నువ్వు దూది తెచ్చావు, నేను చూశాను.” ఆమె తెర మీది గీతను చెరిపేసింది. “ఆ అలమర తలుపు కిందికి దిగిపోయింది, కాస్త ఎత్తి బిగించు.”

అతను ఎత్తి బిగించాడు. ఒక్కో మరనూ అవసరానికి మించి తిప్పాడు. ఆఖరిదానికి చెక్క పగిలింది.

*

మధ్యాహ్నం క్యూరేటర్ వడ్రంగి పని షెడ్డుకే వచ్చాడు. ఎన్నడూ రానిచోటికి వచ్చి రంపపు పొడి బూట్లకు అంటకుండా నిలబడటం ఎలాగో తెలియక, అటూ ఇటూ చూసి, చెక్క పలక ముక్క మీద నిలబడ్డాడు.

“మీ వదినగారి సంగతి నేనూ ఆలోచిస్తున్నానయ్యా. రాత్రి నిద్ర పట్టలేదు.”

వడ్రంగి చిత్రిక పట్టడం ఆపలేదు. చెక్క పొరలు ఉంగరాలు ఉంగరాలుగా లేచి పడుతున్నాయి.

“నీ దగ్గర థిన్నరు డబ్బా ఉంటుంది కదా.”

“ఉంటుంది.”

“తాళం ఉండదు.”

“ఒక్కోసారి ఉండదు.”

“అదే నేననేది. పెద్దావిడ, చదువు లేదు. స్పిరిట్ అనుకుని పొరపాటున థిన్నరు తీసుకుంది. థిన్నరు తగిలితే ఎంతటి తృణమణైనా పాడవుతుంది. అలా చెప్తే చైర్మన్ గారికి అర్థమవుతుంది. ఆయన చాలా పెద్దమనసు మనిషి. క్షమిస్తారు. ఆవిడని తోటపనికి మారుస్తాం, జీతం జీతంలాగే ఉంటుంది. నిన్ను కాస్త జాగ్రత్తగా ఉండమంటాం, అంతే. కడుతున్న కొత్త విభాగం బీరువాలన్నీ నీ చేతి మీదుగానే జరగాలని నేను ఎప్పటినుంచో అంటున్నాను.”

చిత్రిక ఆగింది.

“సారు, అది తృణమణే కాదంట కదా.”

క్యూరేటర్ ముఖంలో ఏమీ కదల్లేదు. “ఎవరన్నారు?” అనలేదు. “అలాంటి మాటలు మనకెందుకు” అన్నాడు. “ఎల్లుండి చైర్మన్ గారు కూర్చుంటారు. ఇద్దరూ రండి.” పలక ముక్క మీది నుంచి గడప మీదికి ఒక్క అంగలో దాటాడు.

సాయంత్రం వదిన గదికి వెళ్లి చెబుతున్నప్పుడు వడ్రంగి గొంతు పక్క గదులకు కూడా వినపడింది. వదిన కిటికీ మూసి వచ్చింది.

“ఎంత తెలివి చూడు వదినా. స్పిరిట్‌కి కరిగిందంటే వాళ్ల వస్తువు దొంగదని తేలుతుంది. అందుకని నీ చేతికి థిన్నరు ఇస్తున్నారు. వాళ్ల అబద్ధం నిలబడాలంటే నీ తప్పు ఇంకా పెద్దదవ్వాలి. నేను ఊరుకోను. ఎల్లుండి ఆ చైర్మన్ ముందే దూదికి స్పిరిట్ తడిపి ఆ ముద్ద మీద పెడతాను. మీ నాన్న కొన్నది వార్నిషు ముద్ద అని చెప్తాను.”

“ఆయన నాన్నని ఏమీ అనొద్దు. పోయినాయన. ఎవడో అంటగట్టాడు, కొనుక్కున్నాడు.” వదిన బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఒకటి దొరికితే పైకెత్తి చూసి, గుమ్మంలోకి విసిరింది. “థిన్నరని మాత్రం నేననను. తోటపని ఇచ్చినా సరే. రేపు మొక్క చచ్చినా ‘ఆ థిన్నరావిడే’ అంటారు.”

“నేనుండగా ఎవడంటాడు?”

“నువ్వుంటావుగా, ఆ సంగతి నాకు తెలుసు. విన్నానని చెప్పు చాలు. దూదులూ గీదులూ వద్దు.”

“చూడు నువ్వు ఎల్లుండి.”

“చూస్తాలే. చాట అటు జరుపు, కాలు పెట్టేలా ఉన్నావు.”

*

చైర్మన్ గది మేడ మీద. పొడుగాటి బల్ల, దాని చుట్టూ ఎత్తువీపు కుర్చీలు. వడ్రంగి ఆ గదిలోకి చాలాసార్లు వచ్చాడు, పనిముట్ల సంచీతో, పక్కద్వారంలోంచి. ఆ కుర్చీల కీళ్లు రెండేళ్లకోసారి వదులవుతాయి, జిగురు పెట్టి బిగించేది అతనే. మెట్లెక్కుతున్నంతసేపూ చెప్పవలసిన మాటలు నోట్లో నములుతూనే ఉన్నాడు. దవడలు నొప్పెట్టాయి.

చైర్మన్ ముసలాయన, పలచటి మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆయనకు ఒకపక్క క్యూరేటర్, ఇంకోపక్క ల్యాబు మేడం. బల్ల మధ్యలో పట్టుగుడ్డ మీద తేనెరాయి. వదిన వచ్చి గోడ పక్కన నిలబడింది. తన రెండు గుడ్డలూ వెంట తెచ్చింది, అడిగితే చూపిద్దామని.

వడ్రంగి ఆమె పక్కన నిలబడబోతుంటే చైర్మన్ తలెత్తాడు.

“రండి, కూర్చోండి” అన్నాడు.

తనను కాదేమోనని వడ్రంగి వెనక్కి చూశాడు.

“మిమ్మల్నే. మన బీరువాలన్నీ మీ చేతివేనటగా. మా నాన్నగారికి మంచి పనివాళ్లంటే ప్రాణం. కూర్చోండి.”

అతను కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమనలేదు, పోయిన ఏడు తను బాగానే బిగించాడు. మోకాళ్లు బల్ల కిందికి వెళ్లాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ఒళ్లో పెట్టుకున్నాడు. నిలబడి తిట్టమంటే అతను మధ్యాహ్నం దాకా తిట్టగలడు. ఎదురుగా మంచినీళ్ల గ్లాసు పెట్టిన బల్ల ముందు, వీపుకు మెత్త ఆనుతుండగా, తన కోపం ఏ అరలో ఉందో వెతుక్కోవలసి వచ్చింది. వదిన తన వెనక ఉండిపోయింది. ఆమె కనపడటం లేదు.

“మేడం” అన్నాడు చైర్మన్, “థిన్నరు తగిలితే తృణమణి పాడవుతుందా?”

“పాడవుతుందండి” అంది ల్యాబు మేడం. అది నిజమే. ఇంకేమైనా అడుగుతారేమో అన్నట్టు చూసింది. అడగలేదు. కాయితాల వైపు తల దించుకుంది.

“మీ షెడ్డులో థిన్నరు ఉంటుందా?”

“ఉంటుందండి.”

“తాళం?”

“ఒక్కోసారి వేయనండి.”

అదీ నిజమే.

“చూడండి, ఇందులో ఎవరినీ దోషిగా నిలబెట్టాలని నాకు లేదు” అన్నాడు చైర్మన్. గొంతు ఎంతో మృదువుగా ఉంది. “ఆవిడ స్పిరిట్ అంటోంది. క్యూరేటర్ గారే చెప్పారని అంటోంది. ఆయన ఆ వస్తువు గురించి చెప్పలేదంటున్నారు. మీరు అక్కడే ఉన్నారట. మీరు విన్నారా?”

క్యూరేటర్ కిటికీలోంచి బయటికి, పునాదులు తవ్విన కొత్త విభాగం వైపు చూస్తున్నాడు. ఇదే ఆ ప్రశ్న. మూడు రోజులుగా ఇంట్లో గోడలకూ, షెడ్డులో చెక్కలకూ ఇతను చెప్పిన జవాబు ఈ ప్రశ్నకే. విన్నాను అంటే అయిపోతుంది. ఒక్క మాట.

“నిచ్చెన మీదున్నానండి” అన్నాడు వడ్రంగి. “సరిగ్గా వినపడలేదు.”

ఆ గదిలో అప్పటిదాకా తక్కినవాళ్లందరూ నిజాలు ఏరుకుని ఏరుకుని, తమకు కావలసినంత మేరకే వాడారు. పచ్చి అబద్ధం చెప్పినవాడు మాత్రం ఇతనే.

వెనక నుంచి వదిన బల్ల దగ్గరికి వచ్చింది. ముందు అతని ముఖంలోకి చూసింది. తుడిచాక మరక పోయిందా, ఉండిపోయిందా అని చూసే చూపు. తరవాత చైర్మన్ వైపు తిరిగింది.

“థిన్నరు కాదండి. స్పిరిట్. దాని వాసన వేరు, దీని వాసన వేరు, ఇన్నేళ్లు వాడినదాన్ని నాకు తెలియదా? సారు చెప్పారు, తుడిచాను. అది కరిగింది.”

“కోట్ల ఏళ్ల వస్తువమ్మా” అన్నాడు చైర్మన్.

“కోట్లేళ్లది అలా కరగదంటండి. నాకు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పారు. మీ పక్కనే ఉన్నారు, అడగండి.”

ల్యాబు మేడం కలం మూత పెట్టింది, తీసింది. చైర్మన్ ఆమె వైపు తిరగలేదు. తిరగకుండా ఉండటానికి ఆయన మెడ బిగుసుకోవడం వడ్రంగికి దగ్గరగా కనిపించింది. ఆయనకు తెలుసు. ఈ ముసలాయనకు ఎప్పటినుంచో తెలుసు.

“అది మా నాన్నగారు ఎంతో ఇష్టపడి కొన్నది” అన్నాడాయన చివరికి.

“కొన్నాయన తప్పు చేశారనడం లేదండి నేను. తుడిచిన మనిషి తప్పు కూడా లేదంటున్నాను. అంతే.”

వదిన తెల్లగుడ్డ, నీలంగుడ్డ నాలుగు మడతలు పెట్టి బల్ల అంచున ఉంచింది. అవి మ్యూజియం గుడ్డలు. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయింది.

వడ్రంగి లేవబోయాడు. “మీరు మంచినీళ్లు తాగండి” అన్నాడు చైర్మన్. అతను తాగాడు.

*

తేనెరాయిని బాగుచేసే పని కూడా అతనికే ఇచ్చారు. జిగటగా ఉన్న పైపొర ఆరాక సన్నపు గరుకు కాయితంతో రుద్దమన్నారు. అతను రుద్దాడు. కాయితం అరిగేకొద్దీ మార్చాడు, ఆఖర్న మెత్తటి తోలుతో మెరుగు పెట్టాడు. చెయ్యి వేడికి ముద్దలోంచి గుగ్గిలం వాసన లేచి షెడ్డంతా నిండింది. పీలిక పోయేదాకా అరగదీశాడు, వదిన వేలిగుర్తూ పోయింది, తన వేలిగుర్తూ పోయింది. పని చాలా బాగా వచ్చింది. అలా బాగా వచ్చినందుకు అతనికి తన చేతుల మీదే అసహ్యం వేసింది. చీమలు ఇదివరకటికంటే దగ్గరగా కనిపించాయి. మళ్లీ రాళ్ల గదిలో అదే పలక పైన పెట్టి, అద్దం బిగించాడు.

ఇంట్లో భార్య అన్నం పెట్టేటప్పుడు తప్ప మాట్లాడటం లేదు. “అక్కని అడిగావా?” అని ఒకసారి అడిగింది. ఏమడగాలో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

వదిన పనిలో వేసుకునే చెప్పులూ, తిండిడబ్బా షెడ్డులో ఉండిపోయాయి. వాటిని సంచీలో వేసుకుని ఆమె గదికి వెళ్లాడు. తాళం వేసి ఉంది. పక్కగదావిడ, ఆసుపత్రి వెనక బట్టలుతికే చోట చేరిందని చెప్పింది. మ్యూజియంలో ఎందుకు మానేసిందని అక్కడ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పిందట. ఆఫీసులోపలి పని ఇవ్వలేదట. దుప్పట్ల తొట్టి దగ్గర నిలబెట్టారట.

దారి పొడుగునా అతను మాటలు సర్దుకున్నాడు. కొత్త విభాగం పని వస్తే వదినకి నెలనెలా ఏదో ఒకటి ఇవ్వొచ్చు. ఆ సమయానికి గొంతు పెగల్లేదు వదినా. నేను చెప్పినా వాళ్లు ఒప్పుకునేవాళ్లా. చివరి మాట దగ్గర కోపం మళ్లీ లేచింది. క్యూరేటర్ మీద, ముసలాయన మీద, మూత పెట్టి తీసిన ఆ కలం మీద. కోపంలో నడక వేగం పెరిగింది.

ఉతికే చోట ఆవిరి. పెద్ద సిమెంటు తొట్టెలు, తెల్ల దుప్పట్లు. వదిన, ఇంకో అమ్మాయి చెరో కొనా పట్టుకుని ఒక దుప్పటిని వ్యతిరేక దిశల్లో మెలితిప్పుతున్నారు. నీళ్లు జలజల కారుతున్నాయి. ఆమె ముంజేతులు మోచేతుల దాకా ఎర్రగా పొంగి ఉన్నాయి. అతన్ని చూసింది. దుప్పటి వదిలితే నేల మీద పడుతుంది కాబట్టి వదల్లేదు. పూర్తిగా పిండి, మడిచి, గంపలో వేశాకే ఇటు వచ్చింది.

అతను సంచీ ఇచ్చాడు. ఆమె చెప్పులు తీసి కింద పెట్టుకుంది, డబ్బా మూత తీసి వాసన చూసి మళ్లీ మూసింది.

“కడిగే తెచ్చాను” అన్నాడు అతను.

“ఊఁ.”

“వదినా, ఆ రోజు…”

“సంచీ తీసుకెళ్లిపో, మీ ఆవిడ వెతుక్కుంటుంది” అంది వదిన. ఖాళీ సంచీని నీట్‌గా మడతపెట్టి అతని చేతిలో పెట్టింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని అతను వెతికాడు.

తొట్టి దగ్గరి అమ్మాయి ఇంకో తడి దుప్పటి పైకి తీస్తూ అడిగింది. “ఎవరక్కా, మీవాళ్లా?”

వదిన వెనక్కి వెళ్లి, దుప్పటి రెండో కొన అందుకుంది.

“కాదు, మ్యూజియం ఆయన” అంది. “నువ్వు అటు తిప్పు.”